కొట్టని దెబ్బల పంచాయితీ

నా మొగుడు నన్ను కొట్టాడని ఊరూ వాడా నమ్మిన రోజుల్లో ఆయన నన్ను కొట్టలేదు. ఆ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది గాని ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోతే పోనీలే అనుకోవడానికీ లేదు. కొట్టలేదని నమ్మితేనే కదా, మరి ఈ మచ్చలు ఎక్కడివని ఎవరైనా వెతికేది. నమ్మనంత కాలం నాకు రోగమే లేదు, మొగుడే ఉన్నాడు. ఆ నమ్మకం చేతిలో నేను చచ్చిపోవలసింది. ఎట్లాగో బతికాను. ఇప్పుడు రాస్తుంటే ఏడుపు రావడం లేదు, కోపమే వస్తుంది.

మేముండేది కొత్తకోటలో. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే రోడ్డు పక్కన మా ఆయనకు పంక్చర్ షాపుంది. నేను అంగన్‌వాడీ టీచర్ని. ఒక్కతే కూతురు. పెళ్ళయి చౌటుప్పల్‌లో ఉంటుంది. అల్లుడూ అదీ అక్కడి మందుల కంపెనీల్లో పనిచేస్తారు. అప్పుడు దాని ఒళ్ళో నెలల పిల్ల. తెలంగాణ వచ్చి, జిల్లాలు విడదీసి, మా ఊరు పాలమూరులోంచి వనపర్తి జిల్లాలోకి మారిన తరువాతి ముచ్చట ఇది.

నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. మా దిక్కు నలభై దాటిన ఆడదానికి ఇంకా గర్భసంచి ఉందంటే, ఇంట్లో పనికిరాని పాత సామాను పెట్టుకున్నట్టే చూస్తారు. ఇంకా తీయించుకోలేదా అని బస్సులో పక్క సీటామె కూడా అడుగుతుంది. నాకు మాత్రం నిజంగానే గడ్డలు పెరిగి, నెలలో సగం రోజులు మంచం దిగలేకుండా అయ్యాకే తీశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు బాగానే మానాయి. ఆ డాక్టరమ్మను నేను ఏమీ అనను.

ఇంటికొచ్చి కుట్లు విప్పించుకున్నాక మొదలైంది. ముందు తుంటి మీద సూది వేసిన చోట నల్లగా కమిలింది. సూది కదా, కమిలిందిలే అనుకున్నాను. తరువాత మోచేతి దగ్గర ఒకటి. నేను దేనికీ తగలలేదు, ఎక్కడా పడలేదు. ఒకరోజు పొద్దున లేవబోతే ఎడమ తొడ రాయిలా గట్టిపడి ఉంది, కాలు మడత పడలేదు. చీర ఎత్తి చూసుకుంటే మోకాలి పైనుంచి నేరేడు పండు రంగు. నొక్కితే ప్రాణం పోయింది.

ఇంట్లో మేమిద్దరమే. అత్తామామలు ఎప్పుడో పోయారు. కూతురు చంటిపిల్లతో రాలేదు. నేను మంచంలోంచి లేవాలంటే మా ఆయనే లేపాలి. షాపు మూసి వచ్చి, నా రెండు చంకల కింద పట్టుకుని, మెల్లగా నిలబెట్టి, బాత్రూము దాకా నడిపించేవాడు. ముప్పై ఏళ్ళు లారీ టైర్లు విప్పిన చేతులు ఆయనవి, వేళ్ళు లావుగా గట్టిగా ఉంటాయి. ఎంత మెల్లగా పట్టుకున్నా మరునాటికి నా చేతుల మీద ఆ వేళ్ళు దిగేవి. ఒకవైపు నాలుగు, ఒకవైపు బొటనవేలు. నీలంగా, అచ్చు పడినట్టుగా. అవి ఆయన వేళ్ళే. ఆ సంగతి నేను ఏనాడూ కాదనలేదు. కొట్టిన వేళ్ళు కావు, లేపిన వేళ్ళు. ఆ తేడా చూపించే మిషను ఏ ఊర్లోనూ లేదు.

దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి పోయాం. రక్తం తీసి ప్లేట్‌లెట్లు చూశారు. డెంగీ జ్వరాలు వచ్చినప్పటి నుంచి మా దిక్కు ఎవరికి ఏమొచ్చినా చూసేది ప్లేట్‌లెట్లే. అవి నిండుగా ఉన్నాయి. కణాలు బాగానే ఉన్నాయమ్మా అన్నాడు డాక్టరు. ఆ తరువాత నా చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, మా ఆయనను జర బయట కూర్చోమన్నాడు. తలుపు దగ్గరేసి, ఇంట్లో ఏమన్నా గొడవలా అని అడిగాడు. లేవన్నాను. పక్కనున్న నర్సు నా వైపు చూసి తల ఊపింది. అందరూ లేవనే చెప్తారు అన్నట్టు ఉంది ఆ ఊపడం. రక్తం తీసిన చోట మరునాటికి మోచెయ్యి మొత్తం నల్లబడింది. దాన్ని ఎవరూ చూడలేదు, మేం మళ్ళీ అక్కడికి పోలేదు. పక్కింటామె బొప్పాయి ఆకు రసం పిండి తెచ్చి తాగించింది. కణాలు నిండుగా ఉన్నాయమ్మా అంటే, ఉంటే ఇంకా మంచిదే కదా అంది.

అప్పుడు మా వదిన వచ్చింది. నా పుట్టిల్లు ఆత్మకూరు దగ్గర. అమ్మానాయినలు లేరు, మా అన్నే ఆ ఇంటికి పెద్ద. ఆడబిడ్డకు ఆపరేషన్ అయింది, నాలుగు రోజులు ఉండి వండిపెట్టి పోదామని వదిన పల్లీ ముద్దలు కట్టుకుని వచ్చింది. ఆమె మంచిదే. మంచివాళ్ళ చేతుల్లో జరిగే చెడుకు లెక్క ఉండదు.

నాకు నీళ్ళు పోయడానికి రవిక విప్పింది. చెంబు అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. ఎంతసేపటికీ నీళ్ళు పోయదేంటని నేను తిరిగి చూస్తే ఆమె కళ్ళనిండా నీళ్ళు.

నన్నెవరూ కొట్టలేదు వదినా, ఇవి వాటంతట అవే వస్తున్నాయి, చేతుల మీదివి నన్ను లేపుతుంటే పడ్డాయి అని చెప్పాను. ఆమె ఊఁ ఊఁ అంటూ విన్నది. నేను తుడుచుకుంటుంటే ఫోను తీసి నా చేతులను, వీపును ఫోటోలు కొట్టింది. దేనికని అడిగితే మీ అన్నకు చూపిస్తానంది. అన్నకు చూపించింది. అన్న మా చిన్నాయన కొడుకులకు పంపాడు. వాళ్ళు కులపోళ్ళ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి నా చేతులు నేను చూడని ఊళ్ళన్నీ తిరిగొచ్చాయి. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే జనం మావాళ్ళు, అట్లాంటిది ఫోటోనే ఉంటే ఆగుతారా.

చౌటుప్పల్ నుంచి కూతురు ఫోను చేసింది. ఏమైందని అడగలేదు. "నాయిన మల్ల కొట్టిండా?" అన్నది.

ఆ మల్ల అన్న మాట సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే మిగిలింది అర్థం కాదు.

పెళ్ళయిన రెండో ఏడు. అప్పుడే షాపు కొత్తగా పెట్టాడు. ఒక లారీ డ్రైవరు ముందు, ఆ ప్యాచ్ సరిగ్గా అతకలేదు, గాలి పోతున్నది చూడు అన్నాను. నిజంగానే పోతున్నది. డ్రైవరు నవ్వాడు. లారీ వెళ్ళిపోయాక మా ఆయన పాత ట్యూబు ముక్కతో నన్ను కొట్టాడు. రబ్బరు దెబ్బకు చర్మం పగలదు, ఉబ్బుతుంది. ఒక కన్ను మూసుకుపోయింది. నేను ఆత్మకూరు బస్సెక్కి పుట్టింటికి పోయాను. అప్పుడు మా అమ్మ ఉంది. పసుపు రాసింది. అన్న పొలం నుంచి వచ్చి నన్ను చూసి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిన్నాడు. తిన్నాక, "మొగడన్నంక ఓ దెబ్బ ఏస్తడు. నువ్వు నోరు జర తక్కువ జేస్కో," అన్నాడు. ఆ దినమే నన్ను మళ్ళీ బస్సెక్కించి, తానూ వెంట వచ్చి, ఒక పల్లీల సంచి మోసుకొచ్చి మా ఇంట్లో దించి పోయాడు. మా ఆయన కోడి కోయించాడు. బావా బామ్మర్దులు ఇద్దరూ కల్లు తాగారు. నేనే వడ్డించాను, ఒక కంటితో.

ఆ తరువాత కూడా ఆయన చెయ్యి కొన్నిసార్లు లేచింది. కూతురు కొన్ని చూసింది, అది బడికి పోయే వయసుకు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆగినదాన్ని కదిలించడమెందుకనుకున్నాను.

ఆ అన్నే ఇప్పుడు జీపులో మనుషులను ఏసుకుని వచ్చాడు. ఇంటికి రాలేదు, నన్ను చూడలేదు, నేరుగా షాపుకు పోయాడు. టైర్లు విప్పే ఇనుప రాడ్డు మా ఆయన చేతిలోదే గుంజుకుని కొట్టారు. కుడిచేతి వేళ్ళు రెండు విరిగాయి. అడ్డం వచ్చిన చాయ్ హోటలాయనను కూడా తోసేశారు. చెల్లెను కొట్టిన చేతిని ఉంచనని మా అన్న రోడ్డు మీద అరిచాడట. ఆ మాటను ఇప్పటికీ మావాళ్ళు మెచ్చుకుంటూ చెప్పుకుంటారు, అన్నంటే అట్లా ఉండాలని.

ఆ మరునాడు పంచాయితీ పెట్టారు. మా కులసంఘం వాళ్ళు కట్టుకున్న హాలులో. రెండు వైపుల పెద్దమనుషులు, వాళ్ళకు చాయ్, జంపఖానా. నన్ను ఆటోలో తీసుకుపోయారు. మా ఆయన ఒక మూలన కూర్చుని ఉన్నాడు, చేతికి దవాఖాన కట్టు. నాకు కూర్చుంటే తొడ పగిలిపోతున్నట్టు ఉంది, అందుకని గోడను ఆనుకుని నిలబడ్డాను. భయంతో నిలబడ్డాననుకున్నారు.

మాట్లాడింది మా ఆయన దిక్కు పెద్దమనిషి. ఊర్లో ఎవరింట్లో ఏ తగువు వచ్చినా ఆయన నోటితోనే తెగుతుంది. తియ్యగా మాట్లాడతాడు. నన్ను బిడ్డా అని పిలిచి, భయం లేదు, ఏం జరిగిందో చెప్పమన్నాడు. చెప్పాను. ఆపరేషన్ సంగతి, సూది సంగతి, తొడ సంగతి, ఆయన లేపే సంగతి అన్నీ వరసగా చెప్పాను. పిల్లలకు పాఠం చెప్పే గొంతు నాది, ఎక్కడా తడబడలేదు. నన్ను తొందరగా హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని, ఈ పంచాయితీ తరువాత పెట్టుకోవచ్చని కూడా చెప్పాను.

వదిన లేచి నా రవిక చెయ్యి పైకి మడిచింది. ఆ వేళ్ళ గుర్తులు అందరికీ కనబడ్డాయి. మగవాళ్ళంతా ముందుకు వంగి చూశారు.

"ఏ ఆడిది మొగడు కొట్టిండని పది మందిల చెప్తది బిడ్డా?" అన్నాడు పెద్దమనిషి. "నువ్వు కొట్టలే అంటున్నవంటెనే ఎంత భయపెట్టిండో ఎరుకైతాంది. దవాఖానకు తోల్కపోతం. ముందుగాల గిది తెగనీ."

కొట్టాడంటే కొట్టినట్టు, కొట్టలేదంటే మరీ ఎక్కువ కొట్టినట్టు. ఇంక నేను నోట్లో మన్ను పోసుకోవాలి.

తరువాత ఆయన మా ఆయన వైపు తిరిగి, కొట్టినవా లేదా అని అడిగాడు. మా ఆయన తల వంచుకున్నాడు. మళ్ళీ అడిగాడు. మా ఆయన కట్టు కట్టిన చెయ్యి వైపు చూసుకున్నాడు తప్ప నోరు తెరవలేదు. లేదు అను, ఒక్కసారి అను, అని నేను లోపల మొత్తుకుంటున్నాను. ఆయన అనలేదు. ఆ మౌనం హాలులో అందరికీ వినపడింది. నాకు కళ్ళు బైర్లు కమ్మి గోడ మీదినుంచి జారి పడిపోయాను. ఆ పడటం కూడా సాక్ష్యంలోకే పోయింది.

ఆయన తప్పు కింద డబ్బు కట్టాలని, ఆయనకు బుద్ధి వచ్చేదాకా నేను పుట్టింట్లోనే ఉండాలని తీర్పు. నన్ను అడగలేదు. నన్ను జీపు వెనకసీట్లో పడుకోబెట్టి తీసుకుపోయారు. ప్రతి గుంతకూ తొడలో ఏదో తెగుతున్నట్టు ఉంది. పెద్ద దవాఖాన మాట ఎత్తితే, ఇంటికి పోయి నాలుగు ముద్దలు తింటే రంగు తేలుతావని అన్న ఓదార్చాడు.

పుట్టింట్లో నన్ను బాగా చూసుకున్నారు. అదే నా కర్మ. దెబ్బలు తిన్న ఒళ్ళని వదిన ఆముదం కాచి వీపు, భుజాలు మెత్తగా పిసికింది. కమిలిన రక్తం కదిలి పోవాలంటే పిసకాలట. వద్దు వదినా అంటే, నీకేం తెల్వదు పడుకో అంది. ఆమె చేతుల్లో ప్రేమ ఉంది, నాకు తెలుసు. మరునాడు నీళ్ళు పోస్తూ మళ్ళీ ఆమె చెంబు ఆగింది. నా వీపు నాకు కనబడదు. కానీ ఆమె తడి వేళ్ళు ఒక్కొక్కటే నా వీపు మీద ఆనించి చూసుకుంటుంటే తెలిసింది. వేలికి వేలు కొలుచుకుంటున్నది. సరిపోయి ఉంటాయి.

ఏమైంది వదినా అని అడిగాను. "ఏం లే పిల్లా, పొయ్యి సరిగ మండుత లేదు," అంది. నేను స్నానం చేస్తున్నది చన్నీళ్ళతో. ఆరోజు ఆమె ఫోటో తియ్యలేదు. ఆ తరువాత నన్ను ముట్టుకోనూ లేదు. నీళ్ళ బకెట్టు తలుపు దగ్గర పెట్టి పోయేది.

నాకు మాత్రం పట్టరాని సంతోషం వేసింది. ఇప్పుడు తెలిసింది కదా, మొగుడు లేని ఇంట్లో మొగుడు కొట్టిన గుర్తులు ఎట్లా వచ్చాయో ఇప్పుడన్నా అడుగుతారు కదా, జీపు తీస్తారు కదా అనుకున్నాను. పొద్దటి నుంచి చూశాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక వంటింట్లో వాళ్ళిద్దరూ గుసగుసలాడుకోవడం వినిపించింది. వదిన చెప్పేసింది.

"ఇప్పుడు కొట్టలేదంటే నా మొకమేడ వెట్టుకోవాలె?" అన్నాడు అన్న. "ఆయన చెయ్యి ఇరగ్గొట్టొస్తిని. నువ్వు గమ్మునుండు. మచ్చలు తగ్గినంక సూద్దాం."

నేను పడుకున్న గదికీ వంటింటికీ మధ్య తలుపు కూడా లేదు, ఒక చీర పరదా అంతే. నేను విన్నానని వాళ్ళకు తెలియదు. తెలిసినా మార్చుకునేవాళ్ళు కాదేమో. నేను దెబ్బలు తిన్నదాన్నయితేనే మా అన్న పరువు నిలుస్తుంది. రోగిష్టిదాన్నయితే పోతుంది. తోడబుట్టినవాడు ఈ రెంటినీ తూకమేసి, చెల్లెలు దెబ్బలు తినే ఉండాలని నిశ్చయించుకున్నాడు. పగవాళ్ళు ఇంతకన్నా ఏం చేస్తారో నాకు తెలియదు.

అట్లా కొన్ని రోజులు పోయాయి. మచ్చలు తగ్గలేదు, పెరిగాయి. గొంతు కింద కూడా ఒకటి లేచింది. నా ఫోను ఛార్జింగు అయిపోయిందని వదిన తీసుకుపోయి మళ్ళీ ఇవ్వలేదు. ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చింది. నేను అరవకుండా, కడగకుండా అట్లాగే వదిలేసి వదినను పిలిచి చూపించాను. చూడు, ఇది కూడా మా ఆయనే కొట్టిండా అన్నాను. ఆమె కూలబడిపోయింది.

ఇక అన్న జీపు తీశాడు. చెల్లెలు చచ్చిపోతుందని తీశాడో, తన ఇంట్లో చచ్చిపోతుందని తీశాడో ఆ దేవుడికే తెలియాలి.

హైదరాబాదు పెద్ద దవాఖానలో నన్ను స్ట్రెచర్ మీద వేశారు. డ్యూటీలో ఉన్న నర్సు పెద్ద వయసామె, ఏళ్ళ తరబడి ఇట్లాంటి ఒళ్ళు ఎన్ని చూసిందో. దుప్పటి తీసి, నా చేతులు, వీపు, తొడ చూసింది. తరువాత తలెత్తి మా అన్నను చూసింది. ఆమె మీకేమవుతుందని అడిగింది. చెల్లె అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి మీ దగ్గర ఉంటున్నదని అడిగింది. చెప్పాడు. మరి ఎవరు కొట్టారని అడిగింది. మా అన్న మొహం వాడిపోయింది.

"నేను కొట్టలే మేడం. నా తోడబుట్టినదాన్ని నేనెందుకు కొడ్త?" అన్నాడు.

అట్లనే చెప్తారు అందామె. పోలీసులకు రాసి పంపాల్సి వస్తుందని కూడా అంది. మా అన్న చేతులు జోడించాడు. చుట్టుపక్కల రోగుల వెంట వచ్చినవాళ్ళు చూస్తున్నారు, ఒకామె మొహం మీదనే థూ అంది. నర్సు నా దగ్గరికి వంగి, భయపడకమ్మా, నిజం చెప్పు, ఈయనేనా అని అడిగింది. మా అన్న నా వైపు చూశాడు. నా కాళ్ళు పట్టుకునేలా ఉన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఒళ్ళంతా రక్తం కక్కుతున్నా ఆ క్షణం నాకు హాయిగా ఉంది. ఆ హాయిని నేను ఇప్పటికీ దాచుకోను. హాలులో గోడకు ఆనుకుని నేను నిలబడ్డ సేపు ఎంతో, అంతసేపూ వాణ్ణి నిలబెట్టాలనుకున్నాను. అంత ఓపిక లేక తొందరగానే వదిలేశాను. "లేదు మేడం. నన్నెవ్వరు కొట్టలే," అన్నాను. యథాప్రకారం ఆమె నమ్మలేదు.

నమ్మినది రక్తం డాక్టరు. చిన్నపిల్ల, మా కూతురంత ఉంటుంది. సాయంత్రం వచ్చి, పొద్దున సూది గుచ్చిన చోటే చూస్తూ నిలబడింది. అక్కడ అరచేయంత నలుపు. సూది కూడా మిమ్మల్ని కొట్టిందా అమ్మా అని అడిగి నవ్వింది. నేను అప్పుడు ఏడ్చాను. ఈ మొత్తం కథలో నేను ఏడ్చింది అక్కడే.

పరీక్షలు చేశారు. నా రక్తం గడ్డకట్టడానికి పట్టవలసిన దానికన్నా చాలా ఎక్కువ సేపు పట్టింది. మంచి మనిషి రక్తంలోని పలచని నీరు తెచ్చి నాదానిలో కలిపి, వెచ్చగా ఉంచి చూశారు. మామూలుగా అయితే మంచిది కలిస్తే బాగుపడాలట. నాది ఆ మంచిదాన్ని కూడా చెడగొట్టింది. దానితో రోగం దొరికింది. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఒక పదార్థాన్ని నా ఒళ్ళే శత్రువనుకుని చంపుతున్నదట. పుట్టుకతో రాదు. ఎప్పుడో ఎవరికో, కాన్పు తరువాతనో ఆపరేషన్ తరువాతనో వస్తుందట. చాలా అరుదు. అందుకే ఎవరికీ తట్టదని ఆ పిల్ల చెప్పింది. తట్టదమ్మా, మొగుడు కొట్టడం అరుదు కాదు కదా, అదే ముందు తడుతుంది అన్నాను. ఈసారి ఆ పిల్ల నవ్వలేదు.

పిసకడం, నూనెలు, కండకు వేసే సూదులు అన్నీ బందు. రక్తం ఆగడానికి సూదిమందు, ఒంటి తిక్క కుదర్చడానికి స్టెరాయిడ్ గోళీలు. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే తలలోనో కడుపులోనో రక్తం కారి పోయేదానివని చెప్పారు. మా అన్న పక్కనే ఉండి విన్నాడు. గోడకేసి చూస్తూ విన్నాడు.

ఒకరోజు మా ఆయన వచ్చాడు, కట్టు కట్టిన చేతితో, బత్తాయిలు పట్టుకుని. వార్డులో మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు. నేను ముందు బత్తాయి సంగతి చూడలేదు. లేపుతుంటే పడ్డ గుర్తులని పంచాయితీలో ఎందుకు చెప్పలేదని అడిగాను.

బత్తాయిలు కింద పెట్టి చెప్పాడు. "ఏమని చెప్త? ఒకప్పుడు కొట్టినోన్నే గద. కొట్టలే అన్న మాట నా నోటికి రాలే."

ఆ మాటకు నా మనసు కరిగిందని చెప్తే అబద్ధం. ఒళ్ళు మండింది. తన పాపం తాను మోస్తున్నాననుకుని తృప్తిగా తల వంచుకుని కూర్చున్నాడు, ఆ తల వంచిన రోజుల్లో నా రక్తం కారిపోయింది. నీకు పశ్చాత్తాపం కావలసి వస్తే నన్ను దవాఖానలో పడేసి పడకూడదా అన్నాను. అయినా ఒక్కటి మాత్రం నిజం. ఇన్నేళ్ళలో ఆయన కొట్టానని నోటితో అనడం అదే మొదలు. ఆ మాటను నేను దాచుకున్నాను. పక్క మంచాల వాళ్ళకు తప్ప దానికి సాక్షులు లేరు.

ఇంటికొచ్చాను. మొహం గుమ్మడికాయలా ఉబ్బింది, స్టెరాయిడ్ వల్ల. ఆకలి మాత్రం రాక్షసి ఆకలి. అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటేనే మళ్ళీ ఆకలయ్యేది. మచ్చలు మెల్లగా పచ్చబడి, పసుపుపచ్చగా మారి పోయాయి. మా ఆయన వేళ్ళు రెండు మాత్రం అట్లాగే వంకరగా అతుక్కున్నాయి. టైరు రాడ్డు పట్టు దొరకదు. షాపులో ఇప్పుడు గాలి కొట్టడం తప్ప వేరే పని చెయ్యలేడు.

ఒక ఆదివారం మావాళ్ళంతా తప్పు ఒప్పుకోవడానికి వచ్చారు. గొర్రెపోతును తెచ్చి కోయించారు. అన్న, వదిన, ఆ జీపులో వచ్చినవాళ్ళు, అదే పెద్దమనిషి. కట్టిన తప్పు తిరిగిచ్చారు. అన్న మా ఆయనకు కొత్త పంచె, కండువా, అంగీ బట్ట పెట్టి, బొట్టు పెట్టి, బావా తప్పైంది, కండ్లు మూసుకపోయినయి అని కాళ్ళ మీద పడ్డాడు. మా ఆయన లేపి కావలించుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. వదిన పైట చెంగుతో కళ్ళొత్తుకుంది. పెద్దమనిషి, కొట్టని మనిషిని కొట్టినం, ఇంతకంటే పాపం లేదు, ఇయ్యాల్టితోటి కడుక్కున్నం అన్నాడు. అందరూ నిజమే నిజమేనన్నారు. నాకు ఎవరూ ఏమీ పెట్టలేదు. నాకు పెట్టే ఆనవాయితీ లేదు.

విస్తర్లు వేస్తున్నారు. నేను గడప దగ్గర కుర్చీలో కూర్చుని, "మరి కొట్టినదానికి?" అని అడిగాను.

ఎవరికీ అర్థం కాలేదు. అన్నకే చెప్పాను. నా పెండ్లైన రెండో ఏడు ఒక కన్ను మూసుకుపోయి నీ ఇంటికొస్తే పల్లీల సంచి ఇచ్చి బస్సెక్కించినవు కదా అన్నా, కొట్టని దెబ్బలకు ఇన్ని బట్టలు పెడితిరి, ఆ కొట్టిన దెబ్బలకు ఎవరు పెడతరు అన్నాను. కోపంగా అనలేదు. నిజంగానే జవాబు కావాలని అడిగాను.

పెద్దమనిషి మొదట తేరుకున్నాడు. నవ్వాడు. "గది ఎప్పటి ముచ్చట బిడ్డా. గా మచ్చలు ఇప్పుడేడున్నయ్?" అన్నాడు. తరువాత, న్యాయం తప్పకూడదనుకున్నాడో ఏమో, మా ఆయన వైపు తిరిగాడు. "ఏమయ్యా, కొట్టినవా?"

నేను మా ఆయనను చూశాను. కొత్త కండువా మెడలో ఉంది. వంకర వేళ్ళతో అంచు సవరించుకుంటున్నాడు. దవాఖానలో అన్న మాట మళ్ళీ ఒక్కసారి ఇక్కడ అంటే చాలు. బట్టలు వద్దు, గొర్రె వద్దు. ఒక్క మాట.

"యాదికి లేదు," అన్నాడు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. విస్తర్ల మీద నీళ్ళు చల్లుకున్నారు. కూర చల్లారుతున్నదని వదిన నన్ను పిలిచింది. పోయి కూర్చున్నాను. ఆ గోళీలతో వచ్చే ఆకలి ఎవరి మీదా అలగనివ్వదు. ఆ రోజు అందరికంటే ఎక్కువ నేనే తిన్నాను.